పొగ మానేసిన జీపు

గుమ్మడివలసలో తెలివైన ఇల్లు ఏదని ఎవరూ అడగనక్కర్లేదు. గవరయ్యే ఎదురొచ్చి తన ఇల్లు చూపిస్తాడు. "వానొస్తే ఊరంతా తడుస్తాది, మేం మాత్రం తడవం. ఎందుకో తెలుసా? ఇంట్లో ఉంటాం!" అని మీసం దువ్వుతాడు. తమ్ముడు అప్పన్న ఆ మాట ఎన్నిసార్లు విన్నా కొత్తగా ఆశ్చర్యపోతాడు. భార్య పోలమ్మ మాత్రం, "ఆ ఉపాయం ముందు నాకే తట్టింది" అంటుంది.

ఆ ఇంటికి ఒక ముసలి డీజిల్ జీపు ఉంది. జనాన్ని సంతకి తోలుకుంటూ బతుకుతున్నారు. ఆ ఆదివారం టౌనులో తప్పెట్లు కొట్టి చిందేసే తప్పెటగుళ్ళ పోటీ. ఊరి జట్టుని తీసుకెళ్ళే పని గవరయ్యకే అప్పజెప్పాడు జట్టు గురువు కూర్మయ్య. "నీమీదే భారం వేశాను" అన్నాడు. గవరయ్య వెంటనే భుజాలు తడిమి చూసుకున్నాడు. భారమేమీ తగల్లేదు. అయినా సంతోషించాడు.

తీరా చూస్తే జీపు మొరాయించింది. నల్లగా పొగ, ఖళ్ళుఖళ్ళుమని దగ్గు, ఎత్తు ఎక్కమంటే వెనక్కి జారడం. అన్నదమ్ములిద్దరూ దాన్ని మెకానిక్ దాలినాయుడు దగ్గరికి తోసుకుపోయారు. అతను ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే గొట్టం విప్పి చూపించాడు. లోపల తారులాంటి నల్లటి ముద్ద. వేలు కూడా దూరేలా లేదు.

"ఇది తన పొగ తానే తాగుతోంది గవరయ్యా. బయటికి పోవాల్సిన పొగ కొంత మళ్ళీ లోపలికే పోతోంది. ఆ మసికి ఆయిల్ ఆవిరి కలిసి ఇలా పేరుకుపోయింది. గాలాడక దగ్గుతోంది."

 గవరయ్య నోట్లో చుట్ట తీసి వీపు వెనక దాచుకున్నాడు. జీపుకి ఈ అలవాటు ఎక్కణ్ణించి వచ్చిందో అతనికి తెలిసిపోయింది మరి!

దాలినాయుడు ముద్దంతా గీకి, కడిగి, మళ్ళీ బిగించాడు. "ఇక పేరుకోకుండా చూసుకోండి. వేళకి నూనె మార్చండి. స్టార్టు చేసి ఊరికే నిలబెట్టకండి" అన్నాడు.

అంతే. అన్నదమ్ములు బయల్దేరారు. ఊరు వచ్చింది. వీధి మొగలో పోలమ్మ చెయ్యి ఊపింది. కూర్మయ్య తువ్వాలు ఊపాడు. జీపు ఆగలేదు.

"ఆపు బావా, ఆపు!" అని కూర్మయ్య వెంటపడ్డాడు.

"కుదరదు బావా! ఊరికే నిలబెట్టొద్దన్నాడు. పక్క ఊరికైతే పరవాలేదు!" అని అరుస్తూ గవరయ్య పక్క ఊరు పోయి అక్కడ నిలబెట్టాడు. ఇద్దరూ పొలాలకి అడ్డంపడి నడిచి ఇంటికొచ్చారు. జీపు మాట బాగా వింటోందని మురిసిపోయారు.

మర్నాడు కూర్మయ్యే ఎడ్లు కట్టి జీపుని ఊళ్ళోకి లాక్కొచ్చాడు. ఇక నూనె మార్చాలి.

"మార్చడమంటే ఏటి?" అంది పోలమ్మ.

"దీన్ని దాంట్లో, దాన్ని దీంట్లో" అన్నాడు అప్పన్న.

ఇంకేముంది! వంటింట్లో నువ్వుల నూనె ఇంజిన్‌లోకి పోయింది, ఇంజిన్ ఆయిల్ వంటింటి డబ్బాలోకి వచ్చింది. పోలమ్మ సంబరంగా మూకుడు పెట్టి పకోడీలు వేసింది. గుప్పున నల్లటి పొగ. వాసనకి కుక్క కూడా గడప దాటి పారిపోయింది. బొగ్గుల్లాంటి పకోడీలు చూసి గవరయ్య తల పట్టుకున్నాడు. "అయ్యో, వీటికి కూడా అలవాటైపోయిందే!"

అంతే, చుట్టల కట్ట తీసి పొయ్యిలో పడేశాడు. "పెద్దోణ్ణి, నాను మానేస్తేనే అవీ మానేస్తాయి" అన్నాడు. ఆ రాత్రి చుట్ట లేక నిద్రపట్టక అటూ ఇటూ దొర్లాడు. అయినా జీపు కోసమే కదా అని ఓర్చుకున్నాడు.

ఆదివారం తెల్లవారింది. కాళ్ళకి గజ్జెలు, రొమ్మున తప్పెట్లు కట్టుకుని జట్టంతా జీపెక్కింది. గవరయ్య స్టార్టు చేశాడు. వెనకనుంచి పొగ!

"నాను మానేశాను, ఇది మానలేదు!" అని గవరయ్యకి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పన్నకి మెరుపులా ఆలోచన వచ్చింది. "పొగొచ్చే గొట్టం మూసేస్తే ఇంకేం తాగుతాది?" గోనెసంచి ఉండచుట్టి సైలెన్సర్‌లో కుక్కేశాడు. జీపు ఒకసారి గుటకేసి ఆగిపోయింది.

"చూశావా, మానేసింది!" అన్నాడు గవరయ్య.

"కదలడం కూడా మానేసింది" అన్నాడు కూర్మయ్య.

పోలమ్మ పరుగున పోయి దాలినాయుణ్ణి పట్టుకొచ్చింది. అతను గోనె లాగాడు, నువ్వుల నూనె వంపేశాడు, తల కొట్టుకున్నాడు, కొత్త ఆయిల్ పోశాడు. ఇంజిన్ మళ్ళీ అందుకుంది.

"ఊళ్ళో నత్తలా తోలితే మసి పడుతూనే ఉంటుంది. అప్పుడప్పుడూ దూరం పోవాలి. ఇంజిన్ బాగా వేడెక్కాలి. ఇప్పుడే బరువంతా దించేసి టౌను దాకా గట్టిగా తోలండి. తర్వాత ఎంతమందినైనా ఎక్కించుకోండి" అని చెప్పి అతను వెళ్ళిపోయాడు.

గవరయ్య వెనక్కి తిరిగి జట్టు వైపు చూశాడు. "దిగండి, మీరు బరువు."

"మమ్మల్ని దించేస్తే ఎవర్ని తీసుకెళ్తావు బావా?"

"జీపుని!"

గజ్జెలు ఘల్లుఘల్లుమంటూ జట్టంతా దిగేలోగా అన్నదమ్ములు రోడ్డెక్కారు. గట్టిగా తోలమన్నాడు కాబట్టి దారి పొడుగునా గొంతు చించుకుని "హోయ్! హోయ్!" అని అరుస్తూ తోలారు. పక్క పొలాల్లో గేదెలు బెదిరి పరుగెత్తాయి. కానీ జీపు మాత్రం దగ్గు లేకుండా, పొగ లేకుండా గాలిలో తేలిపోతోంది. గవరయ్యకి కళ్ళు చెమర్చాయి. అలవాటు మానిన బిడ్డలా కనిపించింది అది.

టౌను చేరేసరికి పోటీ మైదానంలో ఇంకా కుర్చీలే వేస్తున్నారు. పోటీ పెద్దమనిషి ఎదురొచ్చి, "గుమ్మడివలస వాళ్ళా? బలే, మీరే ఫస్ట్!" అన్నాడు.

అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పన్న ఆనందం పట్టలేక అన్నని కావలించుకున్నాడు. గవరయ్య తిన్నగా వేదికెక్కి, బల్లమీది వెండి కప్పు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, అది ఫస్ట్ వచ్చినోళ్ళకి! ఇంతకీ మీ జట్టేదీ?"

"ఊళ్ళోనే ఉంది బాబూ" అన్నాడు గవరయ్య గర్వంగా మీసం దువ్వుతూ. "ఆళ్ళని కూడా తెస్తే లాస్టొచ్చేవోళ్ళం."