ఏడు తరాలు ఎక్కిన పీఠం

మల్లెలదుర్గం రాజు ఎర్రభూపతికి రోజూ పొద్దున్నే తన వంశావళి వినడం అలవాటు. భట్టు గొంతెత్తి తాతముత్తాతల పేర్లన్నీ బిరుదులతో సహా చదివితే తప్ప ఆయన పాలు కూడా ముట్టడు. ఒకరోజు అలా వింటూ వింటూ పాదాల దగ్గర పడుకున్న వేటకుక్క వైపు చూశాడు. పాపం, దీని వంశం ఎవరూ చదవరే అనిపించింది. రాజులకు ఏదైనా అనిపించిందంటే మిగతావాళ్లకు పని పడినట్టే.

ఆ పూటే చాటింపు వేయించాడు. కోటలో ఉండే ప్రతి జాగిలానికీ ఏడు తరాల వంశం ఉండాలి, అందులో వంకన్నది కనిపించకూడదు. అలా లేని కుక్కలన్నీ సభలో తీర్పు కాగానే కోట దాటాలి.

చాటింపు విని దళవాయి కోనప్ప మీసం దువ్వుకున్నాడు. ఆయన తాతలంతా పేరుమోసిన సేనానులు. ఆయన మాత్రం యుద్ధాన్ని గోడ మీది బొమ్మల్లోనే చూశాడు. ఆయనకో జాగిలం ఉంది, పేరు ధవళకీర్తి. తెల్లటి ఒళ్లు, పట్టులాంటి బొచ్చు, నుదుట పాపిటబిళ్ల. ఎండకు కందిపోతుందని దానికి గొడుగు కూడా పట్టించేవాడు.

గుండెలో రాయి పడింది ముమ్మన్నకు. రాజుగారి జాగిలాల అధికారి ఆయన. చిన్నప్పటి నుంచి వేటకుక్కల్ని పెంచడం తప్ప మరో పని ఎరగడు, నోరు అదుపులో పెట్టుకోవడం అసలే ఎరగడు. ఆయనవి వాసన పట్టి తిరిగే కుక్కలు కావు. కొండ అంచున గడ్డి కదిలితే ఇక్కణ్నుంచే చూసి దూసుకుపోయే జాతి. జీవితమంతా పెట్టి నిలబెట్టిన ఆ జాతిలో ఇప్పుడు మేటిది బూడిద అనే ఆడకుక్క. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, ఒక చెవి చిరిగి ఉంటుంది. అది కోట దాటితే ముమ్మన్న పడిన పాటంతా దాని వెంటే పోతుంది.

సభ నాడు ముమ్మన్న ఒక చేత్తో బూడిదను, మరో చేత్తో మూత పెట్టిన బుట్టను పట్టుకుని వచ్చాడు. బుట్టలో రాజుగారికి మామిడిపళ్లు తెచ్చాడేమోనని అందరూ అనుకున్నారు.

ముందు భట్టు ధవళకీర్తి వంశం చదివాడు. అందులో ప్రతి తాతా వెన్నెల రంగువాడే, ప్రతి అవ్వా కలువకన్నులదే. వాళ్లలో ఎవరు ఏ జంతువును పట్టారో మాత్రం ఎక్కడా రాలేదు.

తర్వాత బూడిద వంతు. భట్టు నోరు తెరవకముందే కోనప్ప లేచాడు. దాని అవ్వ ఒళ్లంతా మచ్చలేనని, తాత తోక వంకరని, అలాంటివాటిని జత కట్టించినవాడికి జాతి విలువ ఏం తెలుస్తుందని సభనంతా నవ్వించాడు. రాజు నవ్వు ఆపుకుని, దీనికేమంటావని ముమ్మన్నను అడిగాడు.

“దళవాయిగారి కుక్క చూపులకు బాగుంటుంది ప్రభూ. నా కుక్కకు చూపు బాగుంటుంది.”

ఈసారి సభ దళవాయిని చూసి నవ్వింది. ముమ్మన్న ఆగలేదు.

“అందమైన పిల్లలు మా దగ్గరా పుట్టాయి. అడిగినవాళ్లకు ఇచ్చేశాను. కుందేలు మలుపు తిరిగితే తామూ తిరిగినవాటినే, పట్టినదాన్ని చీల్చకుండా నా కోసం ఆగినవాటినే ఉంచుకున్నాను. ప్రతి తరానికీ మళ్లీ మొదటి నుంచీ పరీక్షే. పోయిన తాత వచ్చి మనవడి బదులు పరిగెత్తడు కదా.”

“రక్తంలో ఉన్నాక పరీక్షలెందుకయ్యా?” అన్నాడు కోనప్ప. “తాత ధైర్యం మనవడికి అడక్కుండానే వస్తుంది. నన్ను చూడు.”

ముమ్మన్న ఎదురుచూస్తున్నది ఈ మాట కోసమే. ఏ విందులో ఏ ఊసు మొదలైనా కోనప్ప చివరికి ఇక్కడికే వస్తాడని కోటంతటికీ తెలుసు. ముమ్మన్న చేతులు కట్టుకుని, అయితే దళవాయిగారి వంశం కూడా చదివించమని రాజును వేడుకున్నాడు.

భట్టు రెచ్చిపోయాడు. ముత్తాత ఎలుగుబంటిని వట్టిచేతులతో కూలదోశాడట. తాత చిరుతపులి గుహలోకి దూరి దాన్ని చెవి పట్టుకుని బయటికి లాగాడట. ఒక్కో పేరుకూ కోనప్ప ఛాతీ ఇంకాస్త ముందుకొచ్చింది.

అప్పుడు ముమ్మన్న బుట్ట తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

“ఇందులో ఉన్నది నిన్న కొండ మీద దొరికింది. పై పెదవి చీలి ఉంటుంది. పళ్లు అరిగేకొద్దీ పెరుగుతుంటాయి. వెనక కాళ్లతో తన్నితే గోళ్లు దిగుతాయి. నిద్రలో కూడా కళ్లు మూయదంటారు. మూత తమరే తీయాలి. రక్తంలో ఏముందో సభ కూడా చూస్తుంది.”

బుట్ట ఉన్నచోటే ఎగిరిపడింది. కోనప్ప ఇప్పుడు వర్జ్యం నడుస్తోందన్నాడు. పొద్దున్నే వెళ్లిపోయిందన్నాడు పురోహితుడు. కుడి భుజం పట్టేసిందన్నాడు కోనప్ప. ఎడం చెయ్యి ఉంది కదా అన్నాడు రాజు.

చివరికి మొహం పక్కకు తిప్పుకుని వేలి కొనతో మూత లేపాడు. లోపలున్న కుందేలు ఆయన గుండెల మీదికి గెంతి, భుజం మీదుగా అవతలికి దూకింది. కోనప్ప కెవ్వుమని దగ్గర్లో ఉన్న పీఠం ఎక్కేశాడు. దాని మీద మంత్రిగారు కూర్చుని ఉన్న సంగతి కూడా చూసుకోలేదు. ఆ పీఠం కింద ధవళకీర్తి అప్పటికే దూరి, పాపిటబిళ్ల గలగలలాడేలా వణుకుతోంది.

బూడిద మాత్రం కుందేలు వెంటపడింది. స్తంభం దగ్గర అది తిరిగితే తనూ తిరిగింది. సింహాసనం మెట్టు దగ్గర పంజాతో నొక్కిపట్టి, గాటు కూడా పడనివ్వకుండా ముమ్మన్న వైపు చూసింది. ముమ్మన్నకు కళ్లు చెమర్చాయి. అయినా నోరు ఊరుకోలేదు.

“ప్రభూ, ఏడు తరాలూ ఒక్కసారే పీఠం ఎక్కాయి.”

రాజుకు నవ్వుతో తలపాగా జారింది. భట్టు స్తంభం పట్టుకుని నవ్వాడు. చాటింపు అక్కడికక్కడే రద్దయింది. కోట వెనక ఉన్న గడ్డిమైదానమంతా జాగిలాలు పరిగెత్తడానికి ముమ్మన్న వంశానికి రాసిచ్చి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు రాజు.

“ముందు దళవాయిగారిని దింపించండి ప్రభూ. మంత్రిగారికి ఊపిరాడటం లేదు.”