అబద్ధం కావలసిన శాసనం

మణిగిరి అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రణభీమ మహారాజుకు సైన్యం ఎంత ఉందో డాబు అంతకు రెండింతలు. మనసు మాత్రం వెన్న. అయితే ఆ వెన్న దాకా చేరాలంటే ముందు ఆయన బిరుదులన్నీ చదవాలి.

ఒకరోజు నిండు సభలో మంత్రి లేచి, "ప్రభూ! మన రాజ్యంలో పన్నెండేళ్ళు నిండి పెళ్ళికాని పిల్ల ఒక్కతీ లేదు. అంతా ఏలినవారి చలవ!" అన్నాడు.

రాజు పొంగిపోయాడు. "అయితే శాసనం వేయించాల్సిందే! కొండుభట్టూ, ఇదంతా మా చలవ వల్ల ఎలా జరిగిందో విచారించి రాయి. చెక్కాక ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు. మాకైనా సరే!"

కొండుభట్టు ఆస్థానకవి, ముసలివాడు. అతని మాటలంటే రాజుకు ప్రాణం. అతను తిన్నగా శిల్పి మల్లోజు ఇంటికి వెళ్ళాడు. అక్కడ మల్లోజు కూతురు పోలమ్మ, పదకొండేళ్ళది, రాతిమీద అక్షరాలు దిద్దడానికి జేగురు రంగు నూరుతోంది.

"ఇంకో తొమ్మిది రోజుల్లో దీని పెళ్ళి, అయ్యవారూ," అన్నాడు మల్లోజు తలెత్తకుండా.

"వేలెడంత పిల్లకు పెళ్ళేమిటయ్యా?"

"ఏం చెయ్యమంటారు? బావి దారిలో గుర్రపు దండు దిగింది. పిల్ల నీళ్ళకెళ్తే తిరిగొచ్చేదాకా మా ప్రాణాలు ప్రాణాల్లో ఉండవు. మెడలో పుస్తె ఉంటే జోలికి రారని ఆశ. పోనీ బడికి పంపుదామంటే, దాన్ని ఏనుగుల సాల చేశారు. రెండేళ్ళుగా వానల్లేవు, పండిన నాలుగు గింజలూ దండు గాదెలకే పోతున్నాయి. ఇంట్లో ఒక కంచం తగ్గితే చిన్నవాళ్ళైనా తింటారు."

పోలమ్మ నూరడం ఆపి, "తాతా, నాకు రాయి చెక్కడం కూడా వచ్చు," అంది. కొండుభట్టు ఆ పిల్ల తల నిమిరాడు. ఎలాగైనా ఈ పెళ్ళి ఆపాలనుకున్నాడు.

వారం తిరిగేసరికి శాసనం సభకు వచ్చింది. మంత్రి గొంతు సవరించుకుని చదివాడు.

"స్వస్తిశ్రీ! రణభీమ మహారాజులుంగారి దండు బావి దారిలో విడిసినందున, బడిలో ఏనుగులు చదువుకొనుచున్నందున, గింజలన్నియు దండు గాదెలకు చేరినందున, ఈ రాజ్యమున ఆడపిల్లలకు బొమ్మలాట మానకముందే పెండ్లిండ్లు జరుగుచున్నవి. ఆచంద్రార్కము ఇట్లే జరుగుగాక!"

రాజు ముఖం కందగడ్డ అయింది. "చెరిపెయ్యండి!" అని అరిచాడు.

"మాకైనా వీల్లేదన్నారు కదా ప్రభూ," అన్నాడు కొండుభట్టు వినయంగా.

"మరి మా పరువో? వచ్చేపోయేవాళ్ళు చదివి నవ్వరూ?"

"ఒక్కటే ఉపాయం. అక్షరం మార్చలేం గాని, శాసనాన్ని అబద్ధం చెయ్యవచ్చు. దండును ఏటి అవతలికి పంపండి. ఏనుగులను అడవి పక్కకు తోలించండి. గాదెలు తెరిపించండి. అప్పుడు చదివినవాళ్ళు ఈ భట్టు వట్టి అబద్ధాలకోరని నన్ను తిడతారు. ఆ తిట్లు నేను పడతాను."

రాజు మీసం మెలేస్తూ రాయిని మళ్ళీ చదువుకున్నాడు. చివరికి, "ఏనుగులు బాగానే చదువుతున్నాయా?" అని గొణిగాడు.

"బ్రహ్మాండంగా ప్రభూ! తాటాకు గ్రంథం ఒక్కటీ మిగల్చలేదు. అన్నీ నమిలేశాయి."

రాజుకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, దండును ఆ పూటే కదలమన్నాడు. గాదెల తాళాలు తీయించాడు. తన చేతి కడియం తీసి కొండుభట్టు చేతికి తొడిగి, "బొమ్మలాడుకునే పిల్లలను అత్తారింటికి పంపడం మా చలవ అనుకున్నాం. సిగ్గుపడుతున్నాం," అన్నాడు.

మల్లోజు ఆ సాయంత్రమే మగపెళ్ళివారికి కబురు పంపి పెళ్ళి మానేశాడు. నెల తిరక్కుండా బడి తెరిచారు. పోలమ్మ ముందు వరసలో కూర్చుంది.

ఆ తరవాత చాలా ఏళ్ళు, మణిగిరికి వచ్చిన పొరుగూరివాళ్ళు ఆ రాయి చదివి, ఊరంతా చూసి, "ఈ భట్టెవడో గాని నోరు తెరిస్తే అబద్ధమే!" అని తిట్టిపోసేవాళ్ళు. అలా తిట్టారని తెలిసినప్పుడల్లా కొండుభట్టు ఇంట్లో పాయసం వండించుకునేవాడట.