రాసినవాళ్ళకీ తెలియని చీటీ

చినగరువు అప్పడాల షెడ్డులో పనిచేసే కోరాడవాళ్ళకి తమ తెలివి మీద మహా నమ్మకం. ఊళ్ళో సగం మందికి బుద్ధి లేకపోవడానికి కారణం, అదంతా తమ ఇంటికే చేరిపోవడమేనని ఇంటిపెద్ద తవిటయ్య అభిప్రాయం. పాపం, వాళ్ళ మీద జాలి కూడా పడేవాడు.

తవిటయ్యకి ఒక్కటే కోరిక, కొత్త షెడ్డుకి మేస్త్రీ కావాలని. షెడ్డు యజమానురాలు రమాదేవిగారు ఒక షరతు పెట్టింది. అతని కింద పనిచేసేది ముగ్గురు: పెళ్ళాం గవరమ్మ, తమ్ముడు పైడిరాజు, మరదలు లచ్చిందేవి. తవిటయ్య ఎలాంటివాడో ముగ్గురూ చీటీల మీద రాసి కుండలో వెయ్యాలి. ఏది ఎవరు రాశారో ఎవరికీ తెలియకూడదు. ఎన్ని పడ్డాయో మాత్రం రోజూ ఆవిడకి చెప్పాలి. మూడూ అందితేనే కొత్త షెడ్డు తాళాలు.

"ఎవలికీ అంటే రాసినోడిక్కూడానే కదా," అన్నాడు తవిటయ్య ఇంటికొచ్చి.

ఆ తెలివికి ముగ్గురూ తలలూపారు. అంతే, అందరి కళ్ళకీ తువ్వాళ్ళు కట్టేశాడు, తనూ కట్టుకున్నాడు. రాసిన మరుక్షణం రాసిన సంగతి మర్చిపోవాలని ఒట్టు కూడా వేయించాడు. కళ్ళకి గంతలుంటే కాగితం ఎక్కడుందో ఎలా కనిపిస్తుంది? ఒకరికి కాగితం చేతికి తగిలింది. మిగతా ఇద్దరూ పక్కనున్న అప్పడాల మీద రాసి, కుండ అనుకుని అమ్మకం బుట్టలో వేశారు. ఇంకేముంది, సాయంత్రానికల్లా అవి పెళ్ళివారింటికి వెళ్ళి నూనెలో పొంగాయి.

మర్నాడు ఒకటే అందిందని తవిటయ్య చెప్పాడు. రాయనివాళ్ళని అడిగి రాయించమంది రమాదేవిగారు. తవిటయ్య బాగా ఆలోచించాడు. రాయనివాళ్ళంటే వీధి నిండా వాళ్ళే. అంతే, కుండ నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు. పాలవాడు రాశాడు, టైలరు రాశాడు, బస్సు దిగినవాళ్ళు రాశారు. ఈ మనిషిని ఇంతకుముందు చూసింది లేదని ఒకాయన చాలా నిజాయితీగా రాశాడు. సాయంత్రం తవిటయ్య నలభై ఒక్క చీటీలు లెక్కచెప్పాడు. మూడడిగితే నలభై ఒకటి తెచ్చేవాడు జిల్లాలో ఇంకొకడుంటాడా అని అతని ధీమా.

రమాదేవిగారు కుండని బల్ల మీద బోర్లించింది. తర్వాత ఇంటివాళ్ళు ముగ్గురినీ పిలిచి, ఎవరి చీటీ వాళ్ళు తీసి ఇమ్మంది. ముగ్గురూ నలభై ఒకటీ తిప్పి తిప్పి చూసి, ఇందులో తమది ఏదీ లేదన్నారు. వేసిన ఒట్టు అలాంటిది. ఆవిడకి ఓపిక పోయి, అప్పడాల పిండి అంటుకున్న వంకరటింకర చీటీ ఒకటి తనే వెతికి పైకి చదివింది.

"పని బాగా సేస్తాడు. ఒక్క అప్పడం ఇరగనివ్వడు. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా నన్ను ఒక్కపాలీ పేరెట్టి పిలవలేదు."

రమాదేవిగారు గవరమ్మ వైపు చూసింది. గవరమ్మ కళ్ళు ఒత్తుకుంటోంది.

"పాపం, ఎవలి పెళ్ళామో," అంది.

తవిటయ్యకీ గుండె కరిగిపోయింది. ఇరవై ఏళ్ళు ఒక ఆడమనిషిని అలా బాధపెట్టిన వాడెవడో తలుచుకుంటే అతనికి నిజంగానే దుఃఖమొచ్చింది. రహస్యం ఇంత గట్టిగా దాచేవాళ్ళు మళ్ళీ దొరకరనుకుందో ఏమో, రమాదేవిగారు కొత్త షెడ్డు తాళాలు అతని ముందు పెట్టింది. తవిటయ్య వాటిని మెల్లగా వెనక్కి జరిపాడు.

"ఆ మొగుడెవడో దొరికేదాకా నాకీ మేస్త్రీ పనొద్దమ్మా," అన్నాడు. పెళ్ళాం వైపు తిరిగి, "ఒసే, పద. ఆడికి నాలుగు మాటలు సెప్పొద్దాం," అన్నాడు.

గవరమ్మ కొంగు దోపుకుని వెంట నడిచింది. తమ వీధి నుంచే మొదలుపెడదామనుకుని, ముందుగా తమ తలుపే కొట్టారు. ఎంతసేపు కొట్టినా లోపలినుంచి ఎవరూ పలకలేదు. ఈ ఇంట్లో అలాంటి మొగుడు లేడని తేల్చుకుని ఇద్దరూ పక్కింటికి వెళ్ళారు.