బొల్లి గొర్రె మంచుకొండ మూట

పల్లేరుగుట్ట కింద ఎండ ఎలా ఉంటుందంటే, మధ్యాహ్నం పూట తొండ కూడా కాలు మార్చి కాలు మార్చి నిలబడుతుంది. అలాంటిచోట పుట్టిన బొల్లి గొర్రెకు మంచు మీద జారాలని కోరిక పుట్టింది. పుట్టించింది బాతక్క. చలికాలమంతా మన చెరువులో గడిపి, ఎండలు ముదరకముందే ఉత్తరాది మంచుకొండలకు వెళ్ళిపోయే వలసబాతు అది.

“కాళ్ళకు బద్దలు కట్టుకుని కొండ మీంచి జారడమే. స్కీయింగ్ అంటారు. మనుషులు రెండు కట్టుకుంటారు, నీకు నాలుగు కావాలి. అంతకుమించి ఏమీ వద్దు, ఒంటి మీద ఉన్ని ఉండనే ఉంది. రేపు తెల్లారగానే బయలుదేరుదాం. వెనకబడితే మాత్రం నేను ఆగను,” అంది బాతక్క.

పుట్టిన దగ్గర్నుంచి ముందు గొర్రె తోక చూస్తూ నడవడమే గాని, బొల్లి తనంతట తాను ఎక్కడికీ వెళ్ళి ఎరగదు. ఈ ఒక్కసారి వెళ్ళి తీరాలనుకుంది. వెదురు బద్దలు తెచ్చి, ఎలుక చేత నున్నగా కొరికించుకుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మనవైపు ఎవరైనా దూరప్రయాణం పెట్టుకుంటే ఇరుగూ పొరుగూ ఊరుకుంటారా?

ముందు కాకి వచ్చింది. “ఆవకాయ లేకుండా ఊరు దాటుతావుటే? అక్కడి తిండి చప్పిడి,” అంటూ జాడీ దించింది. ఎద్దు ఉలవల బస్తా తెచ్చి, “చలికి ఇవే మందు” అంది. గేదె ఇంకో అడుగు ముందుకేసి కుండెడు బురద పట్టుకొచ్చింది.

“బురదెందుకే వదినా?”

“పిచ్చిదానా, అక్కడ ఎండ కాస్తే ఒంటికేం పూసుకుంటావు?”

చివరికి కోతిమామ రోలు దొర్లించుకుంటూ వచ్చాడు. “రోటిపచ్చడి లేనిదే నీకు ముద్ద దిగుతుందా? తిరిగొచ్చాక జాగ్రత్తగా ఇచ్చెయ్. మా తాత నాటిది.”

ఎవరినీ వద్దనలేకపోయింది బొల్లి. ప్రేమతో ఇచ్చింది కాదంటే నొచ్చుకోరూ? అన్నీ కలిపి మూట కట్టింది. లేపబోతే మూట లేవలేదు, బొల్లే కూలబడింది. బాతక్క ఆగనని ముందే చెప్పింది. ఇక తన ప్రయాణం ఈ గుట్ట కిందే తెల్లారిపోతుందని దానికి ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే నక్క వచ్చింది. కష్టంలో ఉన్నవాళ్ళ వాసన నక్కకు ఇట్టే తెలుస్తుంది.

“ఏం బొల్లక్కా, దిగాలుగా ఉన్నావు?”

“మూట లేవడం లేదు తమ్ముడూ. వదిలెయ్యలేను, మొయ్యలేను.”

“ఇంతేనా? నేను మొయ్యనూ? కాకపోతే ఒక్క మాట. మంచు మీద జారాలంటే ఒళ్ళు నున్నగా ఉండాలి. ఈ ఉన్నితో ఏం జారతావు? గొరిగించుకుని మూటలో పెట్టు. పైకెళ్ళాక చలేస్తే కప్పుకుందువుగాని.”

బొల్లికి ఒళ్ళు మండింది. చలిదేశం వెళ్ళేదాన్ని పట్టుకుని ఉన్ని తీసెయ్యమంటుందా! దొంగచూపులు చూస్తే తెలియడం లేదూ, ఉన్ని కొట్టేసి కోటు కుట్టించుకుందామనే గదా ఈ సాయం. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని లోకం అనుకుంటుంది. ఈ నక్కా అలాగే అనుకుంటోంది. అనుకోనీ.

“నీ మాట కాదంటానా తమ్ముడూ? మిగతావన్నీ తీసేసి ఉన్నే మూట కడతాను,” అంది వినయంగా.

ముళ్ళకంచెకు చిక్కుకున్న తన పాత ఉన్ని ఏరుకొచ్చి, మూట మూతిలోంచి బయటికి కనిపించేలా కుక్కింది. ఒంటి మీది ఉన్ని కనబడకుండా చుట్టూ గోనెపట్టా బిగించి కట్టుకుంది. బద్దలు మాత్రం తన వీపు మీదే పెట్టుకుంది.

తెల్లారి నక్క వచ్చి మూట చూసింది. బయటికి తొంగిచూస్తున్న ఉన్నిని చూసి లొట్టలేసింది. ముడి మీద చెయ్యి వేసిందో లేదో, “విప్పకు తమ్ముడూ, గాలికి ఎగిరిపోతుంది!” అని అరిచింది బొల్లి.

బాతక్క పైన ఎగురుతూ దారి చూపింది. రోజుల తరబడి సాగిన ఆ దారంతా నక్క మూలుగుతూనే ఉంది.

“ఉన్ని ఇంత బరువుంటుందా అక్కా?”

“ఈ ఏడు వానలు బాగా పడ్డాయి గదా నాయనా. ఒత్తుగా పెరిగింది.”

“లోపల ఏదో దొర్లుతోంది.”

“ఉండ చుట్టి పెట్టాన్లే.”

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, నక్క అప్పుడే కోటుకు గుండీలు ఎన్ని పెట్టించాలా అని ఆలోచిస్తోంది. ఆ ఆశే దాన్ని కొండెక్కించింది.

పైన తెల్లటి మంచు కనిపించేసరికి బొల్లి మూట సంగతే మరిచి దాన్నే చూస్తూ నిలబడింది. ఎంత బాగుందో! అదే అదనుగా నక్క మూటతో సహా పరుగు లంకించుకుంది. కానీ అది పరిగెత్తింది వాలులోకి. కాళ్ళు జారాయి, రోలు వెనక నుంచి తోసింది. నక్క మీద మూట, మూట మీద నక్కగా దొర్లుకుంటూ పోయాయి. జాడీ పగిలింది, కుండ పగిలింది.

“తమ్ముడికి స్కీయింగ్ పుట్టుకతోనే వచ్చినట్టుందే!” అంది బాతక్క.

బొల్లి గోనెపట్టా విప్పింది. ఉన్ని ఒక్క పోగూ తగ్గలేదు. బద్దలు కట్టుకుని జారింది. మొదటిసారి ముక్కు మంచులో గుచ్చుకుంది, రెండోసారి పక్కకు పడింది, ఆ తర్వాత సర్రున కిందిదాకా వచ్చేసింది. ముందు ఎవరి తోకా లేదు. హాయిగా ఉంది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ జారింది.

కింద నక్క బురదతో, ఆవకాయ నూనెతో ఎర్రగా కూర్చుని ఉంది. కళ్ళు మండుతున్నాయి, పళ్ళు కటకటలాడుతున్నాయి.

“నీ ఉన్ని... నీ ఒంటి మీదే ఉందా అక్కా?”

“ఎక్కడుండాలో అక్కడే ఉంది. మోసేవాడికి తెలుసు కావడి బరువంటారు. ఏం తమ్ముడూ, బాగా తెలిసిందా?”

పొద్దు వాలేకొద్దీ చలి ఎముకల్లోకి దిగింది. ఆఖరికి నక్క సిగ్గు విడిచి, “అక్కా, కాస్త నీ ఉన్ని పక్కన ఒదిగి కూర్చోనా?” అంది.

“రా, దానికేం భాగ్యం,” అంది బొల్లి చోటిస్తూ. “పొద్దున్నే రోలు ఎత్తుకో మరి. కోతిమామకు తిరిగివ్వాలి.”

నీతి: పదిమంది చెప్పింది విన్నా ఫరవాలేదు గాని, ఒంటి మీది ఉన్ని మాత్రం ఇంకొకడి భుజానికెత్తకూడదు.