ఎలుగమ్మ ఇంటిబడి బోర్డు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఇప్పచెట్ల పక్కన ఒక గుహ. ఆ గుహలో ఎలుగమ్మ తన ఇద్దరు పిల్లలతో ఉండేది. పెద్దవాడు గుండు, ఉత్త తిండిపోతు. చిన్నది జాజి, వసపిట్ట.

అడవిలో అందరూ పిల్లల్ని వాగొడ్డున కొంగ మాస్టారి బడికి పంపేవారు. ఎలుగమ్మ మాత్రం పంపలేదు. "ఒంటికాలి మీద నిలబడటం నేర్చుకుని నా పిల్లలేం చేస్తారు?" అనేది. తేనె తీయడం, దుంపలు తవ్వడం, పుట్ట పగలగొట్టి చెదలు తినడం, అన్నీ తనే నేర్పేది.

ఒకరోజు కొంగ మాస్టారు గుహ ముందు ఆగాడు.

"ఏమ్మా, మా బడికి బోర్డుంది. బోర్డు మీద ఒక మంచి మాట ఉంది. మీ ఇంటిబడికి మాటేది? మాట లేనిది బడెలా అవుతుంది?" అని మెడ ఎగరేసి వెళ్లిపోయాడు.

ఆ పూట ఎలుగమ్మకు తేనె కూడా చేదుగా అనిపించింది. 'పిల్లల్ని నేనే పాడు చేస్తున్నానా?' అని దిగులు పడింది. వెడల్పాటి చెట్టు బెరడు తెచ్చి గుమ్మానికి ఆనించింది. రాద్దామని గోరు ఎత్తింది. ఏం రాయాలో తోచలేదు. గోరు దించింది.

తాబేలు తాతను అడిగింది.

"ఇందులో ఆలోచించడానికేముంది తల్లీ? నిదానమే ప్రధానం" అన్నాడు తాత.

బాగుంది కదా అనుకుంది. మర్నాడు తెల్లవారాక తీరిగ్గా లేచి, తీరిగ్గా నడిచి ఇప్పచెట్ల కిందికి వెళ్లారు. రాలిన పువ్వులన్నీ జింకలు ఎప్పుడో తినేశాయి. గుండు కడుపు పట్టుకుని ఏడ్చాడు.

చిలకమ్మను అడిగింది.

"అడగనిదే అమ్మైనా పెట్టదు అని రాయి వదినా" అంది చిలకమ్మ.

ఇక చూడండి పిల్లలూ! ఆ రోజంతా జాజి అడుగుతూనే ఉంది. ఆకాశం ఎందుకు? తోక ఎందుకు? అన్న ఎందుకు? సాయంత్రానికి ఎలుగమ్మ తల దిమ్మెక్కింది. పాఠం ఒక్కటీ సాగలేదు.

కుందేలును అడిగింది.

"ఆలస్యం అమృతం విషం, అక్కా!" అని అరిచి కుందేలు పొదలోకి దూకింది.

పాపం, ఎలుగమ్మ బుర్ర గిర్రున తిరిగింది. తాత నిదానం అన్నాడు. కుందేలు తమ్ముడు ఆలస్యం వద్దన్నాడు. ఇద్దరూ పెద్దమనుషులే. ఎవరి మాట వినాలి? మొన్న నిదానిస్తే పువ్వులు పోయాయి కాబట్టి ఈసారి తొందరపడదాం అనుకుంది.

మూడోరోజు పిల్లల్ని పరుగు పెట్టించి పెద్ద పుట్ట దగ్గరికి తీసుకెళ్లింది. "త్వరగా! త్వరగా!" అంటూ ఒక్క దెబ్బకు పుట్ట పగలగొట్టింది. గుండు ఆవురావురుమంటూ కన్నంలో మూతి పెట్టబోయాడు.

"అన్నా, ఆగు! మూతి కంటే ముందు ముక్కు!" అని జాజి కేక పెట్టింది.

గుండు అలవాటుగా ఆగాడు. వాసన చూశాడు. పాము వాసన! గభాలున వెనక్కి గెంతాడు. కన్నంలోంచి నాగుపాము పడగ విప్పి లేచింది. బుస్సుమని, పక్కనున్న పొదల్లోకి వెళ్లిపోయింది.

ఎలుగమ్మ గుండును గట్టిగా పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. ఆ తర్వాత జాజిని అడిగింది.

"ఆ మాట నీకెవరు చెప్పారే? కొంగ మాస్టారా?"

"నువ్వే కదమ్మా!"

"నేనా? ఎప్పుడు?"

"పుట్ట దగ్గర, తేనెపట్టు దగ్గర, దుంప దగ్గర. రోజుకు నూరుసార్లు చెప్తావు. ఈ మూడు రోజులే చెప్పలేదు."

ఎలుగమ్మకు కళ్లు నిండాయి.

గుహకు వచ్చాక ఆ మాటే రాద్దామని బోర్డు ముందు కూర్చుని గోరు ఎత్తింది. ఇంతలో గుండు బెరడు దగ్గర ముక్కు పెట్టి, "అమ్మా, దీని వెనక చెదలున్నాయి!" అని గంతులేశాడు. ముగ్గురూ బెరడు తిరగేసి కడుపునిండా తిన్నారు. చివరికి గుండు బెరడు కూడా కొరికేశాడు.

మర్నాడు కొంగ మాస్టారు వచ్చాడు.

"బోర్డేదమ్మా?"

"తినేశాం మాస్టారూ" అంది ఎలుగమ్మ.

అయోమయంలో పడటం ఇప్పుడు మాస్టారి వంతు అయింది.

నీతి: ఇంటికి కావలసిన మంచి మాటను ఊరంతా తిరిగి అరువు తెచ్చుకోనక్కర్లేదు, ఇంట్లో రోజూ చెప్పి చేసేదే ఆ ఇంటి మాట.