పొట్టి మంచాల ఇల్లు

అనగనగా ఒక ఊళ్ళో అనాలి గానీ, అప్పటికే అది ఊరు కాకుండా పోయింది, పట్నమూ కాలేదు. అలాంటి చోట బుల్లెబ్బాయి అని ఒకడుండేవాడు. వాడి పెళ్ళాం మంగతాయారు. వాడి తల్లి అచ్చియ్యమ్మ, ఆరడుగుల మనిషి, గుమ్మంలో నుంచుంటే గుమ్మం నిండిపోయేది. ఏమే బుజ్జీ, ఊ కొడుతున్నావా? మీ తమ్ముణ్ణి కూడా కొట్టమను.

వాళ్ళకో పెంకుటిల్లు. ఎండాకాలం చల్లగా ఉండేది, వానాకాలం కారేది కాదు, పెరట్లో మంగతాయారు వడియాలు పెట్టుకునేది. ఏం లోటు? ఏమీ లేదు. బుల్లెబ్బాయికే తోచక, ఎవరింటికెళ్తే ఆ ఇల్లే బాగుందని వచ్చి సొంతింటిని తిట్టేవాడు.

మా రోజుల్లో ఇల్లు కొనేవాడు ఏమడిగేవాడర్రా? నీళ్ళు తియ్యగా ఉన్నాయా, గాలి ఎటునుంచి వస్తుంది, పక్కింటివాళ్ళు ఎలాంటివాళ్ళు, అంతే. తర్వాత మొదలైంది వింత. అరుగు పోయి వరండా వచ్చింది. వరండా పోయి సిటౌటు వచ్చింది. సిటౌటు పోయి బాల్కనీ వచ్చింది. బాల్కనీలోకి ఏసీ డబ్బా వచ్చింది, మనిషి నుంచునే చోటు పోయింది. వంటింటి గోడ తీసేసి ఓపెన్ కిచెన్ అన్నారు. మిరపకాయ పోపు పెడితే హాల్లో చుట్టాలు దగ్గి దగ్గి చస్తారు, అయినా అదే కావాలి! దేవుడికి గూడు, బట్టలకేమో గదిట. బట్టలేమన్నా నిద్రపోతాయటే? నవ్వకండి, నిజం.

ఈ పిచ్చిని పసిగట్టినవాడు వీర్రాఘవులు, ఇళ్ళు కట్టి అమ్మేవాడు. తేనె పూసినట్టు మాట్లాడతాడు. మీ పాతిల్లు నాకు రాసిచ్చేయండి బాబూ, కొత్తిల్లు మీకు రాసిచ్చేస్తానన్నాడు. వాడి కన్నంతా ఆ పెరటి మీదే. బుల్లెబ్బాయి సరేనన్నాడు, శుక్రవారం సంతకాలన్నాడు. మంగతాయారు ఆలోచించింది. సంతకమైతే ఇంక ఈ ఇల్లు తమది కాదు. వద్దంటే వినే మొగుడా? నీది పల్లెటూరి బుద్ధి అంటాడు. ఒక్కసారి మేమూ చూస్తాం అని మాత్రం అడిగింది, అత్తగారిని వెంటబెట్టుకుని బయల్దేరింది.

సాంపిలు ఇల్లుట, కొనేవాళ్ళకి చూపించడానికి కట్టింది. లోపల అడుగు పెట్టగానే మల్లెపూల వాసన, పూలు మాత్రం లేవు, డబ్బాతో కొట్టారు. పొయ్యి మీద గిన్నె, గిన్నెలో ఏమీ లేదు. పళ్ళెంలో యాపిల్ పళ్ళు, అవీ మైనమే. అక్కడ కాపురం ఉంటున్నట్టు నవ్వుతూ మొగుడూ పెళ్ళామూ, వాళ్ళనీ కూలికే తెచ్చాడు! ఏరి ఏరి పొట్టివాళ్ళని తెచ్చాడు చూడండి, దొంగ సచ్చినోడు.

బుల్లెబ్బాయి తెరిచిన నోరు మూయలేదు. అబ్బో హాలెంతుందో, అబ్బో పడగ్గదెంతుందో! మంగతాయారు గదుల్ని చూడలేదు, అత్తగారిని చూసింది. ఆవిడ పొడుగే, కాదనం. ఇంట్లో కంటే ఇక్కడ ఇంకా పొడుగ్గా ఉందేమిటి? మంగతాయారు మంచం దగ్గరికెళ్ళింది, కూర్చోబోయింది. వీర్రాఘవులు పరిగెత్తుకొచ్చాడు.

"కూర్చోకండమ్మా! అది కూర్చోడానికి కాదు, చూడ్డానికి."

ఓహో అనుకుంది. మొహం అమాయకంగా పెట్టి, మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉందండీ, సంతకం ముందు ఇంటి పెద్ద ఆ ఇంట్లో కాసేపు నడుం వాల్చాలి, లేకపోతే అచ్చిరాదు అంది. ఆనవాయితీ లేదు, గాడిదగుడ్డూ లేదు, అప్పటికప్పుడు పుట్టించింది. వీర్రాఘవులు ఏమంటాడు? వాస్తు పేరు చెప్పి సగం ఊరికి ఇళ్ళు అంటగట్టినవాడు, ఆచారాన్ని కాదనగలడా? సరే పడుకోండన్నాడు.

అచ్చియ్యమ్మ పడుకుంది. మోకాళ్ళ దాకా మంచం మీద, మిగతా కాళ్ళు గాల్లో! మంచం పొట్టి, కుర్చీ పొట్టి, బల్ల పొట్టి, బీరువా పొట్టి. గదులు పెద్దవిగా కనబడాలని సామానంతా చిన్నది చేయించాడు ఆ మాయలమారి. మీ అమ్మగారే కాస్త పొడుగండీ అని ఇకిలించాడు. అలాగా అని మంగతాయారు మొగుడి చేతే ఇంటినుంచి వాళ్ళ మంచం మోయించుకొచ్చింది. అడ్డంగా రాలేదు, నిలువుగా రాలేదు, ఎత్తి ఏటవాలుగా తోస్తే వచ్చింది. పొట్టి మంచం హాల్లోకి లాగి, తమది వేశారు. అటు గోడ, ఇటు గోడ, మధ్యలో మంచం. తలుపు పడలేదు. మనిషి దిగడానికి చోటు లేదు.

ఇప్పుడైనా బుల్లెబ్బాయికి బుద్ధొచ్చిందంటారా? ఆ ఓపెన్ కిచెన్ వంక చూస్తూ ఏమన్నాడో తెలుసా ఆ వెధవ?

"ఆ పొట్టి మంచమే ఉంచేద్దాం. అమ్మ కాళ్ళు ముడుచుకుంటుందిలే."

మంగతాయారుకి ఒళ్ళు మండిపోయింది, చెయ్యి లేవబోయింది. అచ్చియ్యమ్మ కోడల్ని ఆపింది. వెళ్ళి ఆ పొట్టి మంచం మీద పక్కకి తిరిగి, నిజంగానే మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. అంత మనిషీ ఇంతయిపోయింది. ఇలా చాలట్రా నాయనా, ఇంకా ముడవమంటావా అని అడిగింది.

ఆ పొట్టి మొగుడూ పెళ్ళామూ కూడా నవ్వడం మానేశారు. బుల్లెబ్బాయి చిన్నపిల్లాడిలా ఏడ్చి, తల్లి కాళ్ళు తనే చాపి, లేవదీశాడు. ఇల్లూ వద్దు నీ వల్లకాడూ వద్దు అని వీర్రాఘవుల మొహాన చెప్పి, మంచం నెత్తిన పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

నెత్తిన మంచం చూసి ఊరంతా అడిగింది, మంగతాయారు ఊరంతటికీ చెప్పింది. ఆ తర్వాత ఇల్లు చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ మంచం మోసుకొచ్చేవాడు! వీర్రాఘవులు చచ్చినట్టు గదులు పెద్దవి కట్టాడు. ఆ సాంపిలు ఇంటిని ఇంకెవరూ చూడకపోతే పొట్టి మొగుడూపెళ్ళాలకే ఇచ్చేశాడు. వాళ్ళకి అతికినట్టు సరిపోయింది, సుఖంగా కాపురం చేసుకున్నారు.

అంచేత ఇల్లు కొనేటప్పుడు ఎవరు చూసి మెచ్చుకుంటారా అని కాదు, ఎవరెక్కడ పడుకుంటారని అడగాలి. మీ నాన్న వింటున్నాడా? రేపు ఏదో ఫ్లాటు చూడ్డానికెళ్తాడట, నేనూ వస్తానని చెప్పండి.

ఊ ఆగిపోయిందే? సరే, కథ కంచి బస్సెక్కేసింది, మనం దుప్పట్లోకి. కాళ్ళు చాపుకుని పడుకోండర్రా.