గవర్రాజు ఎంచిన బుట్ట

అనగనగా కాలవ పక్కన ఒక ఊళ్ళో గవర్రాజు అని ఒకాయన ఉండేవాడు. "ఏ మొక్కకి ఏ కుండీ నప్పుతుందో ముల్లోకాల్లో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు" అనేవాడు. అప్పటిదాకా ఆయన ఎంచింది ఒక్కటే కుండీ. అందులో మొక్క బతకలేదు గానీ, కోడి మాత్రం గుడ్లు పెట్టింది.

ఆయన పెళ్ళాం నూకరత్నం. ఆమె పుట్టింటి నుంచి ఒక చింతమొక్క తెచ్చుకుంది. పోయిన వాళ్ళ నాన్న చేత్తో వేసిన గింజ అది. దాన్ని జానెడు ఎత్తులోనే ఉంచి, మాను లావెక్కించి, పళ్ళెంలో ముసలి చెట్టులా నిలబెట్టాలని ఆ నాన్న కోరిక.

"నాన్నది నా దగ్గర ఇంకేమీ లేదు. ఇది పోతే మళ్ళీ రాదు" అంది.

"నాకొదిలెయ్" అన్నాడు గవర్రాజు. వింటున్నావా బుజ్జీ?

ముందు ఇత్తడి గిన్నెలో పెట్టాడు. ధగధగా మెరిసింది. కానీ అడుగున చిల్లు లేదు. పోసిన నీళ్ళు పోసినట్టే నిలిచి, ఆకులు పండి రాలాయి.

"నీళ్ళు పోయే దారేదయ్యా?"

"మీ అమ్మ పెట్టిన గిన్నెకి చిల్లు పొడవమంటావా?"

అప్పుడు సంతకెళ్ళి, చిల్లులున్న నీలం పింగాణీ పళ్ళెం తెచ్చాడు. చెట్టు చావలేదు, అలాగని ఎదగనూ లేదు. లోతు చాలక వేళ్ళు ఇరుక్కుపోయి, మాను చీపురుపుల్లలాగే ఉండిపోయింది.

"ఎదిగాక పెట్టాల్సిన పళ్ళెం ఇది. పసిపిల్లకి పెళ్ళికూతురి నగలు తొడిగేశావు" అంది నూకరత్నం.

ఆ తర్వాత ఒకరోజు ఆమె కాలవకెళ్ళి వచ్చేసరికి, చింతమొక్క పెరట్లో పిడకల బుట్టలో ఉంది.

"మా నాన్న చెట్టుని పిడకల బుట్టలో పెట్టావా? పళ్ళెమేదీ?"

"పనికిరాదని ఎవరికో ఇచ్చేశాను. బాగా ఆలోచించే పెట్టాన్లే."

వెదురు సందుల్లోంచి గాలి ఆడింది. నీళ్ళు జారిపోయాయి. సందు దాకా వచ్చిన వేరు గాలి తగలగానే ఆగి, వెనకనుంచి బోలెడు పిల్లవేళ్ళు వేసింది. చెట్టు తింది, తాగింది, కొన్నేళ్ళకి మణికట్టంత లావెక్కింది. అది చూసి ఊరంతా మొక్కల్ని బుట్టల్లోకి మార్చేశారు. పిడకలకే చోటు లేకపోయింది.

ఇక పళ్ళెంలోకి మార్చే వేళయింది. ఇద్దరూ కుమ్మరి వాకిట్లో నిలబడ్డారు.

"బుట్ట ఎంచినవాడివి, పళ్ళెమూ నువ్వే ఎంచు. మా నాన్న ఉన్నా నీకే వదిలేవాడు" అంది నూకరత్నం.

గవర్రాజు కుమ్మరి పళ్ళేలకి దూరంగా జరిగాడు.

"నేనేం ఎంచలేదే. ఆ రోజు మట్టి మారుద్దామని మొక్కని పైకి తీసి, పళ్ళెం కడిగి బోర్లించాను. పీటలా కనబడితే కూర్చున్నాను. పగిలింది. నువ్వొచ్చేస్తావు, అవతల వేళ్ళు ఎండిపోతున్నాయి. చేతికి బుట్ట తగిలింది."

నూకరత్నం ఆయన వెనక్కి తొంగి చూసింది.

"గుచ్చుకుందా?"

"రెండు చోట్ల" అన్నాడు చిన్నగా.

"అయితే పళ్ళెం నేనెంచుతాను. నువ్వు నిలబడే ఉండు" అంది.

చెట్టు పళ్ళేనికి, పిడక పొయ్యికి,
కథ కంచికి, కునుకు బుజ్జి కంటికి.